చిన్నప్పుడు చూసిన రాతి బొమ్మల జాడ తీయడం ఎలా? రాయగడ నుంచి సిరొంచ దాకా ఒక సమగ్ర మార్గదర్శి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జైపూర్. అటు కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. ఈ ఊళ్ళలో పుట్టి పెరిగి, చదువుకనో ఉద్యోగానికనో విశాఖకో హైదరాబాదుకో వెళ్ళిపోయిన తెలుగువాళ్ళు చాలామంది నాతో అన్న మాట ఒకటుంది. "చిన్నప్పుడు కొండమీద ఒక బండ చూశాను. దానిమీద ఏవో బొమ్మలు చెక్కి ఉండేవి. ఇప్పుడు అదెక్కడుందో తెలీడం లేదు." ఆ బండను మళ్ళీ చూడాలని నిజంగా అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పిల్లలెవరూ రాతి బొమ్మలు చూడ్డానికని కొండెక్కరు. మేకల వెంటో, చింతపండుకో, అడ్డాకులకో, సంతకో, మొక్కు తీర్చుకునే పెద్దవాళ్ళ వెంటో పోతూ మధ్యలో చూస్తారు. ఆ పనేమిటో తేలితే దారి తేలుతుంది. దారి తేలితే రాయి దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం పని ఇంట్లో కూర్చుని చేసేదే. కొండ ఎక్కడం చాలా తర్వాత.

1. ఎవరినీ అడగకముందే గుర్తున్నదంతా రాసి పెట్టుకోండి

ఇంటర్నెట్‌లో రాతి చిత్రాల ఫొటోలు చూడకముందే ఈ పని చెయ్యాలి. ఒక్కసారి ఎక్కడివో బొమ్మలు చూశారంటే మీ జ్ఞాపకంలోకి అవి వచ్చి కూర్చుంటాయి. ఆ తర్వాత మీరు చూసింది జింకా, ఫొటోలో ఉన్నది జింకా అనేది మీకే తెలీదు. ముందు ఒక కాగితం మీద బొమ్మ గీయండి. గీత బాగా రాకపోయినా పర్వాలేదు. కింద తేదీ వేయండి.

తర్వాత రాయండి. ఏ పని మీద వెళ్ళారు? వెంట ఎవరున్నారు? చెప్పులున్నాయా, ఉత్త కాళ్ళా? బండ కాళ్ళకు కాలిందా, చల్లగా ఉందా? దగ్గర్లో గెడ్డ (వాగు) చప్పుడు వినిపించిందా? తినడానికి ఏం దొరికింది? సీతాఫలాలు తిన్న గుర్తుంటే అది వానలు వెనకబట్టిన కాలం. ఇప్పపూలు ఏరుతున్న గుర్తుంటే మార్చి, ఏప్రిల్. నెల తెలిస్తే అప్పటి పొద్దు ఎటునుంచి పడేదో అంచనా వేయొచ్చు. ఇది తర్వాత చాలా అక్కరకొస్తుంది.

కంటితో చూసిన గుర్తులే కాదు, చేత్తో తాకిన గుర్తులు కూడా రాయండి. వేలు పెడితే గుంటలో ఎంత దిగింది, గీత అంచు నున్నగా ఉందా గరుగ్గా ఉందా అనేవి తర్వాత పోల్చుకోడానికి పనికొస్తాయి. ఎత్తు, దూరం మాత్రం నమ్మకండి. ఆరేళ్ళ పిల్లాడికి ఏనుగంత అనిపించిన బండ ఇప్పుడు మీ నడుం దాకా రావచ్చు. దూరానికి మరో కొలత ఉంది. పశువుల వెంట వెళ్ళి ఉంటే, మేపుకుంటూ పోయి పొద్దుగుంకేలోగా ఇల్లు చేరాలి కాబట్టి ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల లోపే వెతకడం మొదలెట్టొచ్చు. సంతకో జాతరకో వెళ్ళి ఉంటే ఆ లెక్క పనికిరాదు.

2. మీరు చూసింది ఏమై ఉంటుంది?

ఈ భాగం మీద తొందరపడకండి. చెక్కినట్టు కనిపించేదంతా ప్రాచీన చిత్రం కాదు. అలాగని పనికిరానిదీ కాదు.

ఒడిశాలో బాగా పేరున్న రాతి చిత్రాలు ఎక్కువగా పడమటి జిల్లాల్లో ఉన్నాయి. ఝార్సుగూడ జిల్లాలో విక్రమ్‌ఖోల్ ఉంది. దాని మీద చరిత్రకారుడు కె.పి. జయస్వాల్ 1933లో వ్యాసం ప్రచురించారు. నువాపడా జిల్లాలో యోగీమఠ్, రాయగడకు పొరుగునున్న కలహండి జిల్లాలో గుడహండి ఉన్నాయి. మన సరిహద్దు కొండల్లో మీకు కనిపించింది ఇలాంటి చిత్రమే కావచ్చు. కింద చెప్పేవాటిలో ఒకటి కూడా కావచ్చు.

గిన్నె ఆకారంలో చిన్న చిన్న గుంటలు, గుంపుగానో వరసగానో ఉంటే అవి మనిషి తొలిచినవే అయ్యే వీలుంది. తెలంగాణలో ముడుమాల నిలువురాళ్ళ దగ్గర ఇలాంటి గుంటలతో సప్తర్షి మండలాన్ని గుర్తించారు. కానీ గెడ్డ ఒడ్డున బండలో నున్నటి లోతైన గుండాలు నీటి సుడిలో గులకరాళ్ళు తిరిగి తిరిగి పడినవి. ఆ రెంటికీ తేడా తెలియాలంటే ఒకటే ప్రశ్న వేసుకోండి: వరద నీళ్ళు ఎప్పుడైనా ఇక్కడి దాకా వచ్చేవా?

పొడవాటి, నున్నటి గాడి, మధ్యలో వెడల్పై రెండు కొసలా సన్నబడి ఉందా? అది రాతి గొడ్డళ్ళు నూరిన చోటు కావచ్చు. చదునైన బండ మీద గళ్ళు, మూలలను కలిపే గీతలు ఉంటే పులిజూదం పటం అయ్యుంటుంది. పశువుల కాపరులు మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా ఆడుకోడానికి గీసుకున్నవి ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి పక్కన కూర్చునే వీలు, నీడ, ఊరివైపు చూపు ఉంటాయి. కొండ కొమ్మున ఒక వృత్తం, దాని నడుమ చుక్క ఉంటే సర్వేవాళ్ళు చెక్కిన త్రికోణ సర్వే గుర్తు. టోపో మ్యాపులో (కొండలు, గెడ్డలు, ఎత్తులు చూపే సర్వే మ్యాపు) సరిగ్గా ఆ చోట చిన్న త్రిభుజం, పక్కన ఎత్తు అంకె ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. బండ అంచున ఒకే కొలతలో వరసగా చదరపు గుంటలు ఉంటే రాళ్ళు చీల్చడానికి చీలలు దిగ్గొట్టిన గుర్తులు.

నిలువురాళ్ళ సంగతి వేరు. కొరాపుట్ గదబలు గోతర్ అనే కార్యంలో చనిపోయినవాళ్ళ పేర రాళ్ళు నిలబెడతారు. గజపతి, రాయగడ కొండల్లో సవరలూ పితృకార్యంలో రాళ్ళు పాతుతారు. సిరొంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలోని మాడియా గోండులకూ ఈ ఆచారం ఉంది. ఇవి ఆ కుటుంబాల పెద్దల రాళ్ళు. వాటిని 'కనిపెట్టాను' అనే హక్కు మనకు లేదు. సూర్యచంద్రులు, గాజులున్న చెయ్యి, కత్తి పట్టిన మనిషి చెక్కి ఉంటే అది సతి రాయో (సహగమనం చేసిన స్త్రీ పేర నిలిపినది) వీరగల్లో (పోరులో చనిపోయిన వీరుడి పేర నిలిపినది) అయ్యుంటుంది.

అక్షరాల్లాంటివి గుర్తుంటే మరింత శ్రద్ధ పెట్టండి. గంజాం జిల్లాలో ఋషికుల్య పక్కన జౌగడ బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. 1850లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ వాటికి నకలు తీసుకున్నాడు. మహేంద్రగిరి మీద చోళుల విజయ శాసనం ఉంది, దాని పక్కనే పులి, జంట చేపల గుర్తు. బొమ్మ, రాత కలిసి ఉన్న రాయి మీకు గుర్తుంటే అది అసాధ్యమేమీ కాదు.

సిరొంచ వైపు వాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ నేలలో రాక్షస బల్లుల ఎముకలు, శిలాజమైన చెట్ల మానులు ఉన్నాయి. బారపాసారస్ అనే డైనోసార్ ఎముకలు ఆ ప్రాంతంలోని పోచంపల్లి దగ్గరే దొరికాయి. ఆ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. వడదం దగ్గర శిలాజాల పార్కు కూడా ఉంది. చిన్నప్పుడు 'గీతలు చెక్కిన గుండ్రటి రాయి' అని మీరు అనుకున్నది చెట్టు వలయాలు కావచ్చు. అది ఏ శిల్పం కంటే కోట్ల ఏళ్ళు పాతది.

రాయి రకం కూడా గమనించండి. తూర్పు కనుమల్లో విరివిగా ఉండే ఖోండలైటు అనే రాయి త్వరగా పొరలు ఊడి, పిండిపిండిగా రాలిపోతుంది. లోతు తక్కువ చెక్కడం దానిమీద ఎక్కువ కాలం నిలవదు. గట్టి నల్లరాయి, గ్రానైటు బండలైతే నిలుస్తుంది.

3. పెద్దవాళ్ళను అడగడం

అడిగే తీరు బట్టే జవాబు వస్తుంది. మన తెలుగు పల్లెల్లో, కొండ పల్లెల్లో 'పాత రాయి', 'చెక్కిన గుర్తులు' అనగానే ముందు గుర్తొచ్చేది గుప్తనిధులు. నిధుల కోసం విగ్రహాలు పగలగొట్టినవాళ్ళనూ, బండల కింద తవ్విపోయినవాళ్ళనూ ఆ ఊళ్ళు చూశాయి. కొత్త మనిషి కారు దిగి చెక్కిన రాయి ఎక్కడుందని అడిగితే "తెలీదు బాబూ" అంటారు. అది న్యాయమే.

కాబట్టి రాయి పేరెత్తకండి. మా ఊరి అవతల ఒక పల్లెలో మేకలు కాసిన ముసలాయనతో జరిగిన మాటలు ఇలా సాగాయి. (కంబారి అంటే పాలేరు.)

"మావా, మా తాతగారి కంబారి మేకలు ఎటు తోలేవాడో నీకు తెలుసా?"

"ఎటేటి, ఎండాకాలం గెడ్డ కాడికి. వానాకాలం ఎగువ మెట్టకి."

"మధ్యాన్నం ఎక్కడ కూకునేవారు?"

"మర్రి కింద. ఆ మర్రి పోనాది గాని బండ ఉంది."

"ఆ బండ మీద ఏటి ఆడేవారు మావా?"

ఆయన నవ్వి, బండ మీద గీతలున్నాయని తనే చెప్పాడు. మనం అడిగితే రాని మాట, ఆయన పని గురించి అడిగితే వచ్చింది.

ఎవరిని అడగాలంటే: పశువులు కాసినవాళ్ళు, పోడు చేసినవాళ్ళు, అడ్డాకులకూ కట్టెలకూ వెళ్ళిన ఆడవాళ్ళు. ఆడవాళ్ళను మగవాళ్ళ ముందు కాకుండా, మీ ఇంటి పిన్నినో అప్పనో తోడు తీసుకెళ్ళి వేరుగా అడగండి. వాళ్ళు నడిచిన దారులు వేరు. కొండ పల్లెల్లో జన్నిని (ఊరి పూజారి), దిసారిని (ముహూర్తాలు చెప్పేవాడు), సిరొంచ వైపు ఊరి పటేల్‌ని, గైతను (అక్కడి పూజారి) ముందు కలవండి. ఫలానా బండ దగ్గర కోడిని కోస్తారు, ఫలానా చోటికి చెప్పులతో వెళ్ళరు అనే మాట వినిపిస్తే రాసుకోండి. భీముడి అడుగులు, సీతమ్మ స్నానగుండం, పాండవుల ఇల్లు అనే పేర్లు కూడా వదలకండి. బండ మీద ఏదో వింత ఉంటేనే జనం అలాంటి కథ కడతారు.

ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఇద్దరు ఒకే దారి చెబితే, వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకోలేదని తేలితే, అది గట్టి ఆధారం. ఎవరికీ డబ్బు ఆశ పెట్టొద్దు. డబ్బిస్తామంటే ప్రతి కొండ మీదా బొమ్మలు పుడతాయి.

4. మ్యాపులు, పాత కాగితాలు

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం, కొరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. కాబట్టి పాత రికార్డుల కోసం ఒడిశా వైపు మాత్రమే చూస్తే సగం దొరకదు. రాబర్ట్ స్యూయెల్ 1882లో తెచ్చిన మద్రాసు ప్రెసిడెన్సీ పురావస్తువుల జాబితాలో గ్రామాల వారీగా ఏ ఊళ్ళో ఏ పాత రాయి, ఏ శాసనం ఉందో ఉంటుంది. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకం) కూడా చూడండి, అప్పట్లో జైపూర్ సంస్థానం ఆ జిల్లాలోదే. సిరొంచ ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్నం, తర్వాత చందా జిల్లాలో కలిసింది. గడ్చిరోలి వేరు జిల్లా అయింది 1982లో. అక్కడివాళ్ళు చందా పేరుతో వెతకాలి. ఊరి పేరును మూడు నాలుగు రకాలుగా రాసి చూడండి. మనం బరంపురం అన్నది పాత ఇంగ్లీషు కాగితాల్లో ఇంకోలా ఉంటుంది. సాలూరు, పొట్టంగి నడుమ కొటియా ఊళ్ళవాళ్ళయితే రెండు రాష్ట్రాల రికార్డులూ చూడక తప్పదు.

కాగితంలో ఉన్న రాయి కూడా తప్పిపోతుంది, మళ్ళీ దొరుకుతుంది. బళ్ళారి దగ్గర కుప్పగల్లు కొండమీది చెక్కడాల గురించి 19వ శతాబ్దం చివర్లోనే రాశారు. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళకు చాలాకాలం అవి దొరకలేదు. 2002లో మళ్ళీ వెతికి పట్టుకుని చూస్తే పక్కనే గ్రానైటు క్వారీ కొండను తినేస్తోంది.

సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో లాగిన్ అయి 1:50,000 టోపో మ్యాపు తీసుకోండి. మ్యాపు మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. పాత లెక్కలో మ్యాపు షీటు నంబర్లు ఇవి: రాయగడ 65 ఎం/8, పర్లాకిమిడి 74 బి/1, సిరొంచ 56 ఎన్/13. గెడ్డలు, కాలిబాటలు, త్రికోణ సర్వే గుర్తులు అందులో ఉంటాయి. పెద్దవాళ్ళు చెప్పిన దారిని పెన్సిల్‌తో దానిమీద గీయండి. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి తిప్పి చూస్తే క్వారీ ఎప్పుడు మొదలైందో, రోడ్డు ఎప్పుడు పడిందో కనిపిస్తుంది. అంతకంటే వెనక్కి పోవాలంటే 1960ల నాటి అమెరికా నిఘా ఉపగ్రహం కరోనా తీసిన ఫొటోలు అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ సైట్లో దొరుకుతాయి. బలిమెల, ఎగువ కొలాబ్ రిజర్వాయర్ల చుట్టుపక్కల వాళ్ళు ముందు ఇవే చూడాలి. మీ దారి నీళ్ళ కింద ఉందో లేదో కొండెక్కకముందే తేలిపోతుంది.

5. అనుమతులు, జాగ్రత్తలు

కొరాపుట్, రాయగడ, మల్కాన్‌గిరి జిల్లాలు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాలు. గడ్చిరోలిలో గ్రామసభలు అడవి మీద సామూహిక హక్కులు పొందాయి, మెండా లేఖా గ్రామం అందుకు మొదటి దారి చూపింది. అక్కడ గ్రామసభకు చెప్పకుండా అడుగు పెట్టొద్దు. రిజర్వు ఫారెస్టు అయితే రేంజి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. పోలీసు స్టేషన్లో కూడా ఎక్కడికి, ఎవరితో, ఎన్నాళ్ళు అని రాసి ఇవ్వండి. ఊరి మనిషి తోడు లేకుండా మాత్రం కొండ ఎక్కవద్దు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. దక్షిణ ఒడిశాలో మలేరియా ప్రమాదకరమైంది, దోమతెర తప్పనిసరి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించుకోండి. గుహలోకి టార్చి వేయకుండా తల దూర్చకండి, ఎలుగు ఉండొచ్చు. కొండచరియకు తేనెపట్లు వేలాడుతుంటే సెంటు రాసుకుని, పొగ పెట్టుకుని కిందికి వెళ్ళొద్దు.

6. కొండమీద వెతకడం

ముందు మధ్యాహ్నం కూర్చున్న చోటికి చేరండి. అక్కడినుంచి నీళ్ళు ఎటు, నీడ ఎటు, ఊరు కనిపించేదెటు చూడండి. వెళ్ళిన దారిలోనే తిరుగుదారి కూడా నడవండి, ఎందుకంటే చిన్నప్పుడు మీరు ఆ బండను ఇంటికొస్తూ చూసి ఉండొచ్చు, దిగేటప్పుడు కనిపించే ముఖం ఎక్కేటప్పుడు కనిపించదు. దారికి రెండు పక్కలా ఇరవై అడుగుల మేర ప్రతి చదును బండనూ చూసి, చూసినదాన్ని మ్యాపులో గుర్తు పెట్టుకోండి.

మిట్ట మధ్యాహ్నం వెతక్కండి. ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు లోతు తక్కువ చెక్కడం కంటికి ఆనదు. పొద్దు పొడిచిన గంటలోపు, పొద్దు వాలే ముందు గంట, వెలుగు బండ మీద ఏటవాలుగా పాకుతుంది. అప్పుడు గోరంత లోతున్న గుంట కూడా తన నీడ తను పట్టుకుని పైకి తేలుతుంది. పగలంతా ఖాళీ బండ అనుకున్న చోట ఎద్దు మూపురం, దాని కింద కొమ్ము, కొమ్ము పక్కన మనిషి చెయ్యి ఒక్కొక్కటీ బయటికొస్తాయి. ఆ వెలుగు పోతే అవీ పోతాయి. నీడలో ఉన్న బండకు టార్చి పట్టండి, ఎదురుగా కాదు, పక్క నుంచి, రాయికి దాదాపు ఆనించి. నాలుగు దిక్కుల నుంచీ వేసి చూడండి.

కొత్తదా పాతదా తేల్చడానికి ఒక చిన్న పరీక్ష. చెక్కిన చోటి రంగు చుట్టూ ఉన్న రాతి రంగుతో కలిసిపోయిందా? కలిసిపోతే పాతది. లోపల లేత రంగు, అంచు పదునుగా ఉంటే ఇనుప ఉలి, ఈమధ్యది. రాతితో పొడిచి చేసిన గీతలో చిన్నచిన్న పొడుపు గుంటలు పక్కపక్కన కనిపిస్తాయి. ఇంతకుమించి ఎన్ని వేల ఏళ్ళదని ఎవరికీ చెప్పకండి, అది పురావస్తు నిపుణుల పని.

7. నమోదు చేయడం

దొరికాక చేతులు అదుపులో పెట్టుకోవాలి. సుద్దముక్కతో గీత దిద్దొద్దు. నీళ్ళు, నూనె పొయ్యొద్దు. నాచు గీకొద్దు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దొద్దు. చుట్టూ మట్టి తవ్వొద్దు, అక్కడున్న పెంకు ముక్క కూడా జేబులో వేసుకోవద్దు. మట్టిలో దాని చోటు చెదిరితే కాలం తేల్చే ఆధారం పోతుంది.

ఫొటోలు దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రండి: కొండ మొత్తం, బండ మొత్తం, ఒక్కో బొమ్మ. ప్రతిదాన్నీ స్కేలుతో ఒకటి, స్కేలు లేకుండా ఒకటి. స్కేలు మర్చిపోతే పది రూపాయల నాణెం బొమ్మ పక్కన, గీత మీద కాకుండా, పెట్టండి. దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టి, టార్చి మాత్రం దిక్కు మార్చి వేస్తూ వరసగా తీస్తే ఇంట్లో పోల్చి చూసుకోవచ్చు. రంగు వేసిన చిత్రమైతే డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్ వెలిసిపోయిన ఎర్రరంగును పైకి తెస్తుంది. బండ ఏ దిక్కుకు చూస్తోంది, నేల నుంచి ఎంత ఎత్తు, నీళ్ళు ఎంత దూరం, పక్కన ఏ చెట్టు, ఇవన్నీ అక్కడే రాసుకోండి. జీపీఎస్ అంకెలు రాసి పెట్టుకోండి, కానీ ఎవరితో పంచుకునే ఫొటోలోనైనా లొకేషన్ తీసేశాకే పంపండి. నిధుల ముఠాలు ఆ ఫొటోలే చూస్తాయి.

8. ఎవరికి చెప్పాలి?

ముందు ఊరికి. తర్వాత జిల్లా కలెక్టరుకు, జిల్లా సాంస్కృతిక అధికారికి, రాష్ట్ర పురావస్తు శాఖకు రాతపూర్వకంగా. గడ్చిరోలి అయితే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నాగపూర్ సర్కిల్‌కు కూడా రాయండి. బరంపురం విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం, కొరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం మానవశాస్త్ర విభాగం, నాగపూర్ విశ్వవిద్యాలయం పురావస్తు విభాగం, పుణె డెక్కన్ కాలేజీ, వీటిలో దగ్గరున్నదానికి ఒక నకలు పంపితే చూసే కన్ను దొరుకుతుంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత స్థలాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కానీ ఆ రక్షణ రావాలంటే ఆ బండ ఉందని ముందు కాగితం మీదికి ఎక్కాలి. క్వారీ లీజు అడిగేవాళ్ళకంటే ముందు మీ దరఖాస్తు ఆఫీసులో ముద్ర వేయించుకుని ఉండాలి.

దరఖాస్తులో ఊరు, మండలం లేదా బ్లాకు, కొండకు స్థానికులు పిలిచే పేరు, జీపీఎస్ అంకెలు, కొలతలతో ఆరేడు ఫొటోలు, దారి చూపిన గ్రామస్తుల మాట, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లు పెట్టండి. అక్కడ పూజ జరుగుతుంటే ఆ విషయం స్పష్టంగా రాయండి, కంచె వేసి ఊరివాళ్ళనే బయట నిలబెట్టే పరిస్థితి రాకూడదు.

వెళ్ళేసరికి బండ పేలిపోయి కంకరై ఉంటే, లేదా రిజర్వాయరు కింద ఉంటే, అప్పుడు కూడా దరఖాస్తు ఇవ్వండి. మొదటి రోజు గీసిన బొమ్మ, పెద్దవాళ్ళ మాటల రికార్డింగు, పాత ఉపగ్రహ చిత్రంలో ఆ చోటు దానికి జతచేయండి. ఒక కొండ మీద చెక్కినవాళ్ళు పక్క కొండ మీద కూడా చెక్కి ఉండొచ్చు. మీ కాగితం చేతిలో ఉంటే తర్వాత వచ్చే పరిశోధకులు ఆ పక్క కొండ దగ్గరే మొదలెట్టగలరు.